కరిచే గుర్రపుడెక్క

'వెన్స్‌డే' చూసినవాళ్ళు మన క్లాసులో సగం మంది ఉంటారు. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కానీ ఆ రెండు జడల పిల్ల పుట్టిల్లు చాలా పాతది. చార్లెస్ ఆడమ్స్ అనే కార్టూనిస్టు 'ది న్యూయార్కర్' పత్రికలో 1938 నుంచి గీస్తూ వచ్చిన ఒక వింత కుటుంబం 1964లో ఏబీసీ ఛానెల్‌లో 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' పేరుతో బ్లాక్ అండ్ వైట్ సీరియల్ అయింది. 1966 దాకా నడిచింది, మొత్తం 64 ఎపిసోడ్లు. అందులో ఇంటి ఇల్లాలు మోర్టీషియాగా వేసింది కెరొలిన్ జోన్స్. ఆవిడ గులాబీ పూలు కత్తిరించి పారేసి, ముళ్ళ కాడలు మాత్రం వాజులో అందంగా సర్దుకుంటుంది. ఆవిడ ముద్దుగా పెంచుకునే మొక్క పేరు క్లియోపాత్రా. జాతి 'ఆఫ్రికన్ స్ట్రాంగ్లర్', అంటే ఆఫ్రికాలో పుట్టి గొంతు పిసికే మొక్క అన్నమాట. అలాంటి మొక్క ఆఫ్రికాలోనే కాదు, ఎక్కడా లేదు. మోర్టీషియా తినిపిస్తే తింటుంది, పలకరిస్తే కదులుతుంది, అంతే దాని పాత్ర. అయినా చూసినవాళ్ళు మర్చిపోరు.

మన క్లబ్ నాటికకి అలాంటి మొక్క ఒకటి కావలసి వచ్చింది. క్లియోపాత్రానే కాపీ కొడదామా అని మొదట అనిపించడం సహజం. కానీ తాడేపల్లిగూడెంలో కూర్చుని ఆఫ్రికా మొక్కని ఊహించుకోవడం ఎందుకు? గొంతు పిసికే మొక్క నిజంగా మన దగ్గరే ఉంది. కైకలూరు రోడ్డులో బస్సు కిటికీలోంచి చూడండి. డ్రెయిన్ల మీద పచ్చటి తివాచీ పరిచినట్టు, మధ్యలో లేత ఊదా రంగు పూలతో ముచ్చటగా ఉంటుంది. అదే గుర్రపుడెక్క. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పూల అందం చూసి మనుషులే ప్రపంచమంతా తిప్పారు. పరిస్థితులు అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. నీటికి ఎండ తగలనివ్వదు, కింద ఉన్న చేపలకి ఆక్సిజన్ తగ్గిస్తుంది, పడవని కదలనివ్వదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉన్న మన కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి కూడా చేరింది. గుర్రపుడెక్కకి ఇవేవీ పట్టవు. కాబట్టి మన బొమ్మ తలకి ఆ ఊదా పువ్వే పెట్టాం. పైరేకు మీద పసుపు మచ్చ ఉంటుంది చూడండి, అది అచ్చం కన్నులా ఉంటుంది. దాని కిందే నోరు.

తయారీలోకి వెళ్ళేముందు ఒక్క మాట. ఇంజనీరింగ్ వాళ్ళం కదా, 'కదలాలి' అనగానే 'ఎన్ని మోటార్లు?' అని అడుగుతాం. బల్ల ఫ్యాను కూడా తిరుగుతుంది, దాన్ని చూసి ఎవరూ జడుసుకోరు. కదిలినంత మాత్రాన ప్రాణం ఉన్నట్టు అనిపించదు. ఆగినప్పుడు అనిపిస్తుంది. ఎందుకు ఆగింది, ఇప్పుడేం చేస్తుంది అని చూసేవాడు ఊపిరి బిగబట్టాలి. ఈ పాఠంలో సర్వోల గురించి, దారాల గురించి ఎంత చెప్పినా అదంతా ఆ ఆగడాన్ని సాధించడం కోసమే.

మనవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. 'మాయాబజార్' (1957)లో లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. ఆ ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు మన ఏలూరు పక్క నూజివీడులో పుట్టినవాడే. దర్శకుడు కె.వి. రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్లే. ఈసారి లడ్డూల్ని వదిలేసి రంగారావు మొహం చూడండి. లడ్డూకి ప్రాణం పోసేది ఆయన చూపు. సినిమాలో అయితే తప్పు వస్తే మళ్ళీ తీసుకోవచ్చు, ఒక్కో ముక్కా అతికించుకోవచ్చు. స్టేజీ మీద ఆ వీలు లేదు. అందుకే నాకు సురభి వాళ్ళంటే ఇంకా గౌరవం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ'తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజం, అదే మాయాబజార్ని ప్రేక్షకుల కళ్ళెదుటే ఆడుతుంది. తీగలు, దారాలు, తెరలు, లైట్లు, వాటి వెనక లెక్క తప్పని చేతులు, అంతే. మైక్రోకంట్రోలర్ లేదు.

ఇక అసలు మొక్కలు ఎలా కదులుతాయో చూద్దాం, ఎందుకంటే మన డిజైన్లో మంచి ఆలోచన అక్కణ్ణించే వచ్చింది. అత్తిపత్తి మీకు తెలుసు. ముట్టుకుంటే ఆకు మొదట్లో ఉన్న చిన్న ఉబ్బులో కణాలు నీళ్ళు వదిలేస్తాయి, ఆకు వాలిపోతుంది. ఒకరకంగా హైడ్రాలిక్స్. వీనస్ ఫ్లైట్రాప్ అమెరికాలో కరొలైనా బురద నేలల మొక్క. దాని కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దాని ఆకు రెండు రెక్కల్లోనూ సన్నని వెంట్రుకలు ఉంటాయి. ఈగ ఒకసారి వెంట్రుకని తాకితే మొక్క ఏమీ చెయ్యదు. సుమారు 20 సెకన్లలోపు రెండోసారి తాకితే టప్పున మూసుకుంటుంది, సెకనులో పదో వంతులో. గాలికో, వాన చినుక్కో అనవసరంగా మూసుకోకుండా ఈ ఏర్పాటు. అంటే మొక్క లెక్కపెడుతోంది! పైగా మూసుకునే బలం అప్పటికప్పుడు పుట్టేది కాదు. వంపు తిరిగిన ఆకులో బిగబట్టిన స్ప్రింగులా ముందే దాచి ఉంటుంది. తాకిడి దాన్ని విడుదల చేస్తుంది, అంతే.

ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి. రెండో తాకిడికే కరవాలి. బలం ముందే దాచి ఉండాలి.

ముందు ఆకులు. వీటికి నిజమైన గుర్రపుడెక్కే వాడాం. దాని కాడ లోపల గాలి గదులు ఉంటాయి, అందుకే తేలుతుంది. ఎండబెడితే పీచు మిగులుతుంది, తేలిగ్గా, గట్టిగా. చాలాచోట్ల దాంతో బుట్టలు, సంచులు అల్లుతున్నారు కూడా. పచ్చి మొక్కలో బరువంతా దాదాపు నీళ్ళే, కాబట్టి గోనెడు తెచ్చినా ఎండాక గుప్పెడే. మేం ఒక డ్రెయిన్ గట్టు మీద కోస్తుంటే వల భుజాన వేసుకుని వెళ్తున్న పెద్దాయన ఆగాడు.

"ఏం బాబూ, దీంతో ఏం పని మీకు?"

"నాటకంలోకి బాబాయ్, బొమ్మ చేద్దామని."

"అలాగా. ఎంత కావాలంటే అంత కోసుకుపోండి. మొత్తం కోసుకుపోతే దణ్ణం పెడతాను."

నవ్వొచ్చింది గానీ, ఆ మాటలో విసుగు నిజం. అందుకే ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తాను: ఈ మొక్క ముక్క నీళ్ళలో పడితే చాలు, మళ్ళీ మొలుస్తుంది. కోసింది మూత కట్టిన గోనెలోనే తేవాలి. వేర్లు, పూలు తేవద్దు, ఆకులూ కాడలూ చాలు. మేడ మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టండి. మిగిలిన పచ్చి చెత్త హాస్టల్ వెనక కాలవలో గిరాటెయ్యడం మాత్రం నేరం కింద లెక్క. కొత్త కాలవలోకి దాన్ని తీసుకెళ్ళిన ఘనత మన సాహితీ క్లబ్బుకి వద్దు. ఇంకోటి, అభయారణ్యం పరిధిలో ఏ మొక్కా కోయకూడదు, అది ఎంత కలుపు మొక్కైనా సరే. ఊరి డ్రెయిన్లో కావలసినంత ఉంది.

తర్వాత మెడ. ఇదే అసలు ఇంజనీరింగ్. 30 సెంటీమీటర్ల మెడ అన్ని వైపులా వంగాలి, వదిలేస్తే నిలబడాలి. దీనికి వెన్నెముక సైకిల్ బ్రేకు కేబుల్ మీద ఉండే నల్ల తొడుగు. రెండు ముక్కలు పక్కపక్కన టేపు చుట్టితే చక్కగా నిలుస్తుంది. కర్టెన్లకి కట్టే స్ప్రింగు ఇంకా మెత్తగా ఉంటుంది, కానీ తల బరువుకి సొమ్మసిల్లినట్టు పడిపోతుంది. అరిగిపోయిన హవాయి చెప్పుల్లోంచి 5 సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ళలు పది కోసి, వెన్నెముకకి మూడేసి సెంటీమీటర్లకి ఒకటి చొప్పున గుచ్చండి. ప్రతి బిళ్ళకీ కేంద్రం నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో నాలుగు దిక్కులా నాలుగు కన్నాలు. నైలాన్ దారం రబ్బర్ని కోసేస్తుంది కాబట్టి, అయిపోయిన పెన్ను రీఫిల్‌ని చిన్న ముక్కలుగా కోసి ఆ కన్నాల్లో దూర్చండి. ఈ ఒక్క పనికే సగం సాయంత్రం పడుతుంది, కానీ ఆ తర్వాత దారం వెన్నలా జారుతుంది. దారం ఎక్కడ దొరుకుతుందని మన వైపు అడగక్కర్లేదు. చేపల వలల సామాను అమ్మే ఏ కొట్లోనైనా ఉంటుంది.

నాలుగు దారాలూ పై బిళ్ళకి ముడేసి కిందకి తెచ్చారు. ఇప్పుడు ఎంత లాగితే ఎంత వంగుతుంది? లెక్క చాలా చిన్నది. లాగాల్సిన పొడుగు = కన్నం దూరం × వంగే కోణం, కోణం రేడియన్లలో. 45 డిగ్రీలంటే 0.785 రేడియన్లు. 2 × 0.785 = సుమారు 1.6 సెంటీమీటర్లు. మెడ పొడుగు ఈ లెక్కలోకి రాదు. ఎడమ దారం 1.6 లాగితే కుడి దారం అంతే వదలాలి, కాబట్టి ఆ రెండూ ఒకే సర్వో చేతికి రెండు కొసలా కడితే సరిపోతుంది. ముందూ వెనకా దారాలకి రెండో సర్వో. చేతి పొడుగు కేంద్రం నుంచి 2 సెంటీమీటర్లు పెట్టుకుంటే, 53 డిగ్రీలు తిరిగేసరికి 1.6 వస్తుంది.

బలం సంగతి. మార్కెట్లో చవగ్గా దొరికే నీలం రంగు ఎస్‌జీ90 సర్వో 4.8 వోల్టుల దగ్గర సుమారు 1.8 కేజీ-సెం.మీ. టార్క్ ఇస్తుంది, అదీ ఆగిపోయే అంచున. 30 సెంటీమీటర్ల మెడ విల్లులా 45 డిగ్రీలు వంగితే తల సుమారు 11 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. తల 60 గ్రాములుంటే 0.06 × 11 = 0.66. మెడ బరువు, రాపిడి కలుపుకున్నా సర్వో హాయిగా మోస్తుంది. అదే తల 150 గ్రాములైతే 1.65. సర్వో ముక్కుతూ మూలుగుతూ వేడెక్కి, కాసేపటికి చేతులెత్తేస్తుంది. చాలామంది ఇక్కడ పెద్ద మోటారు కొంటారు. అంతకంటే తల తేలిక చెయ్యడం మంచిది. బెలూన్ ఊది, దాని మీద మైదా జిగురుతో న్యూస్ పేపరు మూడు పొరలు అంటించి, ఆరాక రెండు చిప్పలుగా కోస్తే నోరు రెడీ. పూరేకులకి పలచటి ఊదా గుడ్డ. పెళ్ళి బాసికాలు చేసే తెల్ల బెండు దొరికితే పళ్ళు దాంతో చెయ్యండి. ఉన్నట్టే ఉండదు దాని బరువు.

నోటి దారం మాత్రం పక్క కన్నాల్లోంచి తేకూడదు. తెస్తే మెడ వంగినప్పుడల్లా నోరు దానంతటదే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఆవులిస్తున్నట్టు ఉంటుంది. సరిగ్గా మధ్యలోంచి, బ్రేకు తొడుగు లోపల్నుంచే తేవాలి. మధ్యలో ఉన్నదాని పొడుగు మెడ ఎటు వంగినా మారదు. సైకిల్ హ్యాండిల్ ఎటు తిప్పినా బ్రేకు పనిచేసేది ఈ కిటుకు వల్లే.

ఇప్పుడు ఫ్లైట్రాప్ దగ్గర నేర్చుకున్నది వాడదాం. నోరు మూసే పని మోటారుకి ఇవ్వకండి. రెండు చిప్పల మధ్య సన్నని రబ్బరు బ్యాండు కట్టండి, అది ఎప్పుడూ మూయాలనే చూస్తుంది. మూడో సర్వో దారం లాగి నోరు తెరిచి పట్టుకుంటుంది. కరవాలంటే సర్వో ఒక్కసారిగా వదిలేస్తే చాలు, టప్. దీనివల్ల రెండు లాభాలు. మోటారుతో మూసినదానికంటే ఈ మూత చురుగ్గా, సహజంగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, మన ప్రేక్షకుల్లో పిల్లలు ఉంటారు, వాళ్ళు నోట్లో వేలు పెట్టకుండా ఉండరు. వేలి మీద పడేది రబ్బరు బ్యాండు బలం మాత్రమే, ఎంత బలమో మీరే మీ వేలు పెట్టి చూసుకుని బ్యాండు ఎంచుకోవచ్చు. కరెంటు పోయినా, ప్రోగ్రాం ఆగిపోయినా ఎవరి చెయ్యీ ఇరుక్కోదు.

కరెంటు విషయంలో ఒక్కటే. మూడు సర్వోల్నీ ఆర్డుయినో 5 వోల్టుల పిన్నుకి తగిలించకండి. ఒకేసారి కదిలితే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, మొక్క మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్ల పాత ఫోన్ ఛార్జరు విడిగా ఇచ్చి, గ్రౌండ్లు రెండూ కలపండి, సప్లై మీద 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి వెయ్యండి. మిగతా వైరింగ్ మీకు ఫస్టియర్లోనే వచ్చేసి ఉంటుంది.

ఇక ఆగడం. నోటి లోపల చీపురు పుల్ల ఒకటి లిమిట్ స్విచ్చి మీటకి అంటించాం, అదే మన ఫ్లైట్రాప్ వెంట్రుక. మొదటిసారి తాకితే నోరు కదలదు. ఒక ఆకు మాత్రం వణికి ఆగుతుంది. ఆ వణుకు కోసం ఒక్కో దారం ముడి దగ్గర ఒక ఆకు కట్టుకోవాలి. ప్రోగ్రాంలో ఆ క్షణం నుంచి 20 సెకన్లు లెక్క మొదలు. తాకినవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఏమీ జరగలేదు. పక్కవాళ్ళు నవ్వుతారు. అప్పుడు తల మెల్లగా, మూడు సెకన్లు తీసుకుని, వాడి వైపు తిరుగుతుంది. మళ్ళీ ఆగుతుంది. ఇప్పుడు వాడు రెండోసారి తాకాలా వద్దా? స్టేజీ మీద నాటకమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. తాకాడా, టప్. తాకలేదా, 20 సెకన్లయ్యాక మొక్క ఏమీ ఎరగనట్టు యథాస్థానానికి వస్తుంది. అది చూసి కొంతమంది నిరాశపడతారు, వాళ్ళే మళ్ళీ లైన్లో నిలబడతారు.

తల తిరగడంలో వేగం ఒకేలా ఉండకూడదు. మెల్లగా మొదలై, మధ్యలో అందుకుని, మెల్లగా ఆగాలి. లూపులో t విలువ 0 నుంచి 1 దాకా పెంచుతూ, కోణం = మొదలు + తేడా × (1 − కాస్(పై × t)) ÷ 2 అని రాస్తే ఆ నడక వచ్చేస్తుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో దీన్నీ, దెబ్బకి ముందు చిన్న వెనకడుగునీ సూత్రాల్లో చేర్చారు. కరిచే ముందు తల ఒక సెంటీమీటరు వెనక్కి వెళ్తే కాటు రెట్టింపు అవుతుంది. కరిచాక వెంటనే తెరవద్దు. నిజం ఫ్లైట్రాప్ ఖాళీగా మూసుకుంటే తెరుచుకోవడానికి దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. మనకంత ఓపిక లేదు, నాలుగు సెకన్లు చాలు.

ఇదంతా చెప్పాక నా అభిప్రాయం ఒకటి. కోడ్ రాసే మిత్రులు ఏమనుకున్నా సరే, సర్వోలు తీసేసి చేత్తో ఆడించిన మొక్కే నాకు ఎక్కువ నచ్చింది. కొల్లేరు లంక గ్రామాల బడుల్లో ఆడేటప్పుడు కరెంటు ఉంటుందో లేదో అని దారాలన్నీ బల్ల కిందకి దించి, మూడు చెక్క మీటలకి కట్టే ఏర్పాటు కూడా పెట్టుకున్నాం. నల్లగుడ్డ కప్పిన బల్ల కింద ఒకరు కూర్చుంటారు. గుడ్డకి చిన్న కన్నం. ఆర్డుయినో అందరికీ ఒకే 20 సెకన్లు ఇస్తుంది. కింద కూర్చున్నవాడు మాత్రం కన్నంలోంచి పిల్ల మొహం చూస్తాడు. భయపడుతుంటే తల అవతలికి తిప్పేస్తాడు. తెగించి వచ్చేవాడైతే ఇంకాస్త ఆగుతాడు, ఇంకాస్త, వాడు స్నేహితుల వైపు తిరిగి 'ఏం లేదురా' అనేదాకా. అప్పుడు వదులుతాడు దారం. సురభి వాళ్ళ చేతులకి తెలిసిన లెక్క అదే అనుకుంటాను.

ఆట అయ్యాక పిల్లలు అడిగే మొదటి ప్రశ్న 'ఇది నిజంగా కరుస్తుందా?' అని. లేదు, కానీ మీ చెరువుని మింగుతోంది అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అక్కడి పిల్లలకి గుర్రపుడెక్క గురించి మనకంటే ఎక్కువ తెలుసు, కాబట్టి ఉపన్యాసం ఇవ్వకండి. పడవ ఎక్కడ ఇరుక్కుంటుందో వాళ్ళనే చెప్పనివ్వండి.

ఎండిన ఆకులు వానాకాలంలో బూజు పడతాయి. పెట్టెలో పొడి సున్నం పొట్లం ఒకటి పడెయ్యండి, బొమ్మని నేల మీద కాకుండా అలమారలో పెట్టండి. రబ్బరు బ్యాండు ప్రతి ఆటకీ కొత్తది వెయ్యాలి. బిళ్ళల మీద కన్నాలు పెట్టుకునే అట్ట నమూనా, కోడూ క్లబ్ రూంలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. ఖాళీ రీఫిళ్ళు మాత్రం మీరే తెచ్చుకోండి, మావన్నీ అయిపోయాయి.